తాతయ్య మణుగు రాయి

రాళ్ళు చూడటానికి డబ్బులిచ్చి టికెట్టు కొనుక్కునే మనుషులు ఉంటారంటే నేను నమ్మేదాన్ని కాదు. అలాంటి మనిషితోనే ఇన్నేళ్ళు కాపురం చేశానన్న సంగతి మా ఆయన రిటైరయ్యాక గాని తెలియలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆదివారం పూట వీధి గుమ్మం దాటని మనిషి, పింఛను మొదలయ్యాక కోటల వెంట పడ్డారు. కొండపల్లి కోట ఎన్నిసార్లు ఎక్కించారో లెక్కలేదు. ఖమ్మం కోట, కొండవీడు, గుంటుపల్లి గుహలు, ఇంకా బోర్డు కూడా లేని దిబ్బలు. కూలిపోయిన బురుజు కనబడితే చాలు, ఆయన మోకాళ్ళ నొప్పులు ఎటు పోతాయో తెలీదు. నేను పులిహోర డబ్బా, మంచినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని నీడ చూసుకుని కూలబడతాను. "ఇలా రావే, ఈ రాయి చూడు, ఎంత పాతదో!" అని అక్కణ్ణుంచి కేకేస్తారు. "మా పుట్టింటి కొట్లోనూ రాళ్ళుండేవండీ, అవీ పాతవే, ఎవరూ టికెట్టు పెట్టలేదు" అని ఇక్కణ్ణుంచి నేను. నా నోటికి ఎదురులేదని మా అత్తగారే ఒప్పుకున్నారు, ఇక ఆయనెంత.

మొన్న ఎండలు ముదరకముందు ఖమ్మం వైపు ఒక ఊరికి తీసుకెళ్ళారు. ఊరి బయట పొలాల మధ్య, బోర్లించిన పెద్ద గంపలాగా ఒక ఇటుకల దిబ్బ. బౌద్ధుల స్తూపమట. చుట్టూ ఇనుప కంచె, పక్కనే తవ్వకాల్లో దొరికిన శిల్పాలు పెట్టిన చిన్న బిల్డింగు. ఆయన దిబ్బ చుట్టూ ప్రదక్షిణం మొదలెట్టారు. నేను మాత్రం ఆ గదిలో ఫ్యాను తిరుగుతోందని లోపలికి వెళ్ళాను, శిల్పాల మీద ప్రేమతో కాదు. ఫ్యాను కింద కూర్చున్న కాపలాదారు నన్ను చూసి లేచి, "కూర్చోండి మేడం, బాగా వడలిపోయారు" అని తన కుర్చీ నాకు జరిపాడు. కూర్చుని, కొంగుతో చెమట తుడుచుకుని తలెత్తాను. ఎదురుగా గోడకి ఆనించి ఒక పలక ఉంది. తెల్లగా, అక్కడక్కడ లేత ఆకుపచ్చ జీర కనిపించే రాయి.

పలక మీద ఆడవాళ్ళు వరసగా మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెడుతున్నారు. మణికట్టు నుంచి మోచేతి దాకా గాజులు. జోడించిన అరచేతుల మధ్య ఒక్కొక్కరికీ ఒక్కో తామర మొగ్గ. మొదటామె ఉంది, రెండో ఆమె ఉంది. మూడో ఆమె దగ్గరికొచ్చేసరికి రాయి విరిగిపోయింది. ఆమెకి వీపు ఉంది, వీపు మీద జడ ఉంది, పెద్ద పోగు వేలాడుతున్న చెవి ఉంది. చెవికి ముందు ఏమీ లేదు. ముఖం లేదు, చేతులు లేవు, మోకాళ్ళు లేవు. ఆ లేని చేతులు నాకు తెలుసు. ఆ మోకాళ్ళ మీద ఎక్కి కూర్చుని నేను చిన్నప్పుడు బెల్లం ముక్క చప్పరించాను. ఆ గాజుల మీద వేలు పెట్టుకుంటూ ఒకటీ రెండూ అని ఒంట్లు నేర్చుకున్నాను. తిరువూరులో మా తాతయ్య కొట్లో, కాటా పక్కన, మా పిల్లలందరం గాజుల రాయి అని పిలుచుకున్న తూకం రాయి అది! విరిగిన అంచు కూడా నాకు గుర్తే. పైన వెడల్పుగా మొదలై కిందికొచ్చేసరికి ఏటవాలుగా పోతుంది, నడుమ వేలు పట్టేంత నొక్కు ఉంటుంది. ఆ నొక్కులో వేలు దూర్చి రాయి ఎత్తబోయి గోరు ఊడగొట్టుకున్న దాన్ని నేను. ఇక్కడ ఈ పలక అంచున అదే ఏటవాలు, సరిగ్గా ఆ నొక్కులో ఇమిడేటంత మొన. కుర్చీలోంచి ముందుకి వంగి ఆ అంచునే చూస్తూ ఉండిపోయాను.

"ఏంటి మేడం, కళ్ళు తిరుగుతున్నాయా?" అన్నాడు కాపలాదారు, గ్లాసుతో నీళ్ళు తెచ్చి. నీళ్ళు తాగి, ఆ మూడో ఆమె మిగతా సగం ఏమైందని అడిగాను. "ఎవరికి తెలుసు మేడం. దిబ్బకి కంచె కట్టింది ఇప్పుడు. అప్పట్లో గోడకి ఇటుకలు కావాలన్నా, గుమ్మం ముందు బండ కావాలన్నా జనం ఇక్కడికే వచ్చేవాళ్ళంట. బండి ముందుకు మొగ్గకుండా వెనక రాయి వేసుకుంటారు కదా, దానికీ ఈ ముక్కలే. మిరపకాయలకీ పత్తికీ మధిర, తిరువూరు బండ్లు కట్టుకుని పోయేవాళ్ళు. ఏ కొట్టు ముందు దించేసి వచ్చారో" అన్నాడు. ఆ తర్వాత పలక దగ్గరికెళ్ళి, ఆ చెవి పక్కన ఉత్త గాలిలో వేలు చూపించాడు. "పెద్ద సార్లు వచ్చినప్పుడల్లా ఒకటే మాట మేడం. మిగతా వాళ్ళ ముఖాలు వానకీ ఎండకీ అరిగిపోయాయి చూడండి. ఈమె ముక్క ఎక్కడన్నా నీడపట్టున పడి ఉంటే, ముఖం అట్లనే ఉంటదంట. దొరికితే బాగుండని చూస్తన్నారు."

అంతలో మా ఆయన లోపలికొచ్చారు. నేను చెప్పింది విని, "ఎండ తగిలిందే నీకు" అన్నారు మొదట. పలక దగ్గరకి వెళ్ళి చూసి, నా వైపు చూసి, మళ్ళీ పలక వైపు చూశారు. నేను రాళ్ళ గురించి అబద్ధం చెప్పేంత శ్రద్ధ ఉన్న మనిషిని కాదని ఆయనకి తెలుసు. ఫోనులో నాలుగు ఫొటోలు తీసుకున్నారు. పులిహోర డబ్బా మూత తీయకుండానే విజయవాడలో మా ఇంటికి తిరిగొచ్చింది. నా మనసంతా ఒక్కటే ప్రశ్న. ఆ రాయి ఇప్పటికీ తిరువూరులో మా బాబాయి దగ్గర భద్రంగా ఉంది. కానీ నేనెరిగిన గాజుల రాయికి మెడ మీద ఏమీ లేదు. దాని ముఖం భూమిలోనే పోయిందా, బండి మీద పోయిందా, లేక మా ఇంట్లో పోయిందా?

ఆ అనుమానం ఊరికే రాలేదు. మా తాతయ్యది తిరువూరు మెయిన్ రోడ్డు మీద మిరపకాయలు, పత్తి, అపరాలు కొనే కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మా ఇంట్లో ఎవరు తుమ్మినా శకునం చూసేవాళ్ళు కాదు, మిరప ఘాటుకి తుమ్మకుండా ఉండటం కుదరదు గనక. అన్నంలో, దుప్పట్లలో, నాన్నమ్మ జుట్టులో కూడా గోనె వాసనా, మిరప ఘాటూ కలిసిన ఒక వాసన ఉండేది. పొద్దున్నే నాన్నమ్మ వాకిట్లో నీళ్ళు చల్లి, పాలు పొంగించి, కాఫీ కలిపి మూతపెట్టి ఉంచేది. తాతయ్య తాగేవాడు కాదు. బోణీ తూకం పూర్తయ్యాకే ఆయన నోట్లో కాఫీ చుక్క పడేది. వినగడప, నెమలి లాంటి ఊళ్ళ నుంచి మొదటి బండి ఆలస్యమైన రోజు కాఫీ చల్లారిపోయేది, మళ్ళీ కాచిపెడితే నాన్నమ్మ సణుగుడు మాకు వినిపించేది. తూకం వేసేటప్పుడు ఇల్లంతా గప్‌చుప్. చంటిపిల్ల ఏడిస్తే పెరట్లోకి ఎత్తుకుపోవాల్సిందే. తాతయ్య కాటాకి ఎప్పుడూ పక్కగా నిలబడేవాడు, ఎదురుగా రైతుని నిలబెట్టేవాడు. "ముల్లు నువ్వు చూసి చెప్పు, నేను చూడను" అనేవాడు. ముల్లు నిటారుగా నిలిచిందని రైతు అనేదాకా ఆయన చెయ్యి గొలుసు మీంచి కదిలేది కాదు. దసరాకి తూకం రాళ్ళన్నీ కడిగి పసుపు పూసి బొట్లు పెట్టేవాళ్ళు. వాటిని దాటకూడదు, వాటి మీద కూర్చోకూడదు. తాతయ్య మధ్యాహ్నం కునుకు తీసినప్పుడే నా బెల్లం ముక్కా, గాజుల రాయీ.

గాజుల రాయి అసలు మణుగు రాయి. మణుగంటే ఎనిమిది వీశెలు, ఇప్పటి లెక్కలో పదకొండు కిలోల పైమాట. నా చిన్నతనంలో మణుగులూ వీశెలూ పోయి కిలోలు వచ్చాయి. సర్కారు ముద్ర ఉన్న ఇనప తూకం గుండ్లు అందరూ కొన్నారు, కొట్టు ముందు కనబడేలా పెట్టుకున్నారు. కొంతమంది షావుకార్లు మాత్రం లోపల గోడౌన్లో పాత మణుగు రాళ్ళనే పది కిలోలని చెప్పి తూచేవాళ్ళు. రైతుకి కిలోల సంగతి ఇంకా ఒంటబట్టలేదు. తూకం తూకానికీ కిలోకి పైగా సరుకు ఉత్తపుణ్యానికి వచ్చిపడేది. మా తాతయ్యకీ ఆ సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. "ఆ కిలో నా కడుపులో పడితే అరగదు" అన్నాడట. అలాగని ఇనప గుండ్లు పెడితే రైతులు ఒప్పుకోలేదు. "ఇవెక్కడివో మాకు తెలీదు, ఆ రాయితోనే తూచండి" అని పట్టుబట్టారు. రైతు నమ్మిన రాయే ఉండాలి, బరువు కూడా నిజమైనదే ఉండాలి. తాతయ్య మణుగు రాయిని చెక్కించి, సరిగ్గా పది కిలోలకి దింపాడు. ఈ కథ మా ఇంట్లో చెప్పని పెళ్ళి లేదు. బళ్ళో నా దగ్గర చదువుకున్న పిల్లలకి కూడా నేను ఎన్నో ఏళ్ళు చెప్పాను, గొంతు కాస్త పెంచి మరీ. చెక్కించింది రాయిలో ఏ భాగాన్నో ఒక్కనాడూ అడగలేదు.

మర్నాడే తిరువూరు బస్సెక్కాం. మా రాఘవయ్య బాబాయి నాన్నకి ఆఖరి తమ్ముడు, ఎనభై దాటాడు. పాత కొట్టు ఇప్పుడు విత్తనాల షాపు. గాజు తలుపు, ఏసీ, కంప్యూటరు బిల్లు, ఎలక్ట్రానిక్ కాటా. వ్యాపారం కొడుకులు చూసుకుంటారు. బాబాయి పొద్దున్నే స్నానం చేసి వచ్చి పాత గద్దె మీద కూర్చుంటాడు, అంతే ఆయన పని. గద్దె పక్కన పీట మీద రాయి. ఎన్నో ఏళ్ళ పసుపు పొర మీద పొరగా పేరుకుని, గాజులు కూడా కనిపించనంతగా లావెక్కిపోయి ఉంది. కొత్త రైతు ఎవరొచ్చినా బాబాయి ఆ రాయి కథ చెప్పి గాని విత్తనం పొట్లం చేతికివ్వడు. మేం వెళ్ళేసరికి కూడా ఒకతనికి చెబుతున్నాడు. అతను తలూపి, రాయికి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఫోను చేతిలో పెట్టి పలక చూపించాను. కళ్ళజోడు మార్చుకుని చాలాసేపు చూశాడు. "ఇలాంటి రాళ్ళు సవాలక్ష ఉంటయ్యే, సరోజా" అన్నాడు.

"ఒక్కసారి పసుపు కడిగి చూద్దాం బాబాయ్. కాకపోతే నేనే మళ్ళీ పూసి పెడతాను."

"కడగడం దేనికే? కడిగాక అదే అని తేలిందనుకో, ఏం చేస్తావు?"

"మ్యూజియం వాళ్ళకి ఇచ్చేద్దాం. ఆ మనిషి సగం ఇక్కడా సగం అక్కడా ఉంది."

బాబాయి గద్దె అంచు గట్టిగా పట్టుకున్నాడు. "నాన్న ఇల్లూ పొలమూ అందరం పంచుకున్నాం. నేను అడిగి తీసుకుంది ఈ రాయొక్కటే. ఇది రాయి కాదే అమ్మాయ్, మా నాన్న మాట. దీన్నిచ్చేశాక ఇక్కడ కూర్చుని నేనేం చెప్పను?" అన్నాడు. నా నోటికి ఎదురులేదని అన్నవాళ్ళెవరూ ఆ పూట అక్కడ లేరు. చివరికి ఆయనే, "సరే, కడుగు. అనుమానం ఉంచుకోకూడదు" అన్నాడు.

మా ఆయనా, నేనూ కలిసి పెరట్లో కుళాయి దగ్గర పెట్టాం. చింతపండు నానబెట్టి, కొబ్బరి పీచుతో నేనే రుద్దాను. చాలాసేపు పచ్చటి నీళ్ళే పారాయి. ముందు మోకాళ్ళు వచ్చాయి, తర్వాత ఒక్కొక్క గాజూ బయటపడింది, తర్వాత అరచేతుల మధ్య మొగ్గ. తెల్లటి రాయి, లేత ఆకుపచ్చ జీర. ఏటవాలు అంచు, నొక్కు, అన్నీ అలాగే ఉన్నాయి. ఇక ఫొటో తీసి పోల్చాల్సిన పని లేకపోయింది. మెడ మీద చెయ్యి పెట్టి రుద్దితే గరగరమంది. నీళ్ళు పోశాను. విరిగిన రాయి అలా ఉండదు. పక్కపక్కనే ఉలి గాట్లు, చదునుగా, శ్రద్ధగా, ఒక్కటి కూడా లోతు తప్పకుండా. కుర్చీలో కూర్చున్న బాబాయి వైపు తిరిగి, ఇక్కడ ఏముండేది బాబాయ్ అని అడిగాను.

"ముఖం" అన్నాడు బాబాయి. దాచుకునే ఉద్దేశం ఏమాత్రం లేదు ఆయన గొంతులో. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు, అంతే. "చక్కటి ముఖమే. కళ్ళు మూసుకుని ఉండేది, పెదాల చివర ఇంత నవ్వు. చెక్కేటప్పుడు రాయి కదలకుండా పట్టుకుంది నేనే. రాళ్ళు కొట్టే ఆయన కూడా అడిగాడు, ముఖం ఎందుకు లెండి, కింద తీస్తానని. కింద తీస్తే కాటా పళ్ళెంలో కుదురుగా నిలవదు, దొర్లుద్దన్నాడు నాన్న. అది నిజమేగా. ముందు ముక్కు తీశాడు. పది కిలోల ఇనప గుండ్లకి ఎదురు కాటాకెక్కించాం, ఇంకా ఇటే మొగ్గుతోంది. దించి నోరు తీశాడు. మళ్ళీ ఎక్కించాం, చాల్లేదు. కళ్ళు తీశాక ముల్లు దగ్గరికొచ్చింది. ఇక చాల్లెండి, కొంచెమేగా తేడా అన్నాడాయన. ఆ కొంచెం రైతు సొమ్మయ్యా అన్నాడు నాన్న. గడ్డం తీశాక ముల్లు నిటారుగా నిలబడింది. నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్. ఇప్పుడు నాది న్యాయమైన తూకంరా రాఘవా అన్నాడు."

హవ్వ! ముక్కు తీసి ఒకసారి, నోరు తీసి ఒకసారి, కాటాకెక్కించారట! తాతయ్యని తిట్టుకోవాలో, దణ్ణం పెట్టుకోవాలో తెలియక ఆ తడి నేల మీదే కూలబడ్డాను. ఆయన రైతుని మోసం చేయదలచుకున్న షావుకారైతే రాయిని ముట్టుకునేవాడే కాదు. తూకానికి కిలో మిగుల్చుకుంటూ, ఆ ముఖాన్ని కొట్లో నీడపట్టున క్షేమంగా ఉంచేవాడు. ఇవాళ ఆ పెద్ద సార్లు ఎదురుచూస్తున్న నవ్వు అలాగే దొరికేది. మా తాతయ్య మంచివాడు కావడం వల్ల అది పోయింది. ఇంత అన్యాయపు లెక్క నేనెక్కడా వినలేదు.

మా ఇంట్లో ఆ రోజుల్లో పని చేయని వస్తువు ఉండేది కాదు. చిరిగిన గోనె మసిగుడ్డ అయ్యేది, పగిలిన కుండ కుంపటి అయ్యేది, రాయి దొరికితే బరువు చూసి దానికో ఉద్యోగం ఇచ్చేవాళ్ళు. ఎవరు చెక్కారు, ఎందుకు చెక్కారు అనే ప్రశ్న పుట్టడానికి తీరిక ఉండాలి, అది మా వాళ్ళకి లేదు. ఇప్పుడు తీరికే తీరిక. ప్రతి రాయి చుట్టూ తాడు కట్టి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టి, దూరంగా నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నాం. అప్పటివాళ్ళు ముట్టుకుని పాడుచేశారు, నిజమే. కానీ రోజూ కడిగి, బొట్టు పెట్టి, తమ నీతినంతా దాని మీద పెట్టి బతికారు. ఇప్పుడు అదే కొట్లో ఎలక్ట్రానిక్ కాటా వైపు రైతు తలెత్తి చూడను కూడా చూడడు. చూడమని చెప్పేవాళ్ళూ లేరు. ఏది మేలో నేను తేల్చుకోలేకపోయాను.

బాబాయి లేచాడు. "ఒక్కసారి తూయండి దాన్ని" అన్నాడు మా ఆయనతో. "వద్దు బాబాయ్" అన్నాను. వినలేదు. తుడిచి, కొట్లోకి తీసుకొచ్చి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టారు. ఎర్రటి అంకెలు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి. పది కిలోలు, పక్కన అన్నీ సున్నాలు. బాబాయి రెండు చేతులూ జోడించి, "చూశావా, చూశావా" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గర్వమో, దుఃఖమో, నేను అడగలేదు. నాకూ ఏడుపొచ్చింది.

కళ్ళు తుడుచుకున్నాక ఆయనే అన్నాడు. "నేనే తీసుకొస్తా. మీరిచ్చేస్తే ఎక్కడో దొరికిందని రాసుకుంటారు. నాన్న ఎందుకు చెక్కించాడో వాళ్ళకి నేను చెప్పాలి. తిడితే తిట్టనీ." అంతలోనే, "కానీ ముఖమేదని అడుగుతారు కదే. అతికించుకుంటాం, ముక్కలన్నా ఉన్నాయా అంటే ఏం చెబుదాం?" అన్నాడు.

"ఆ ముక్కలేం చేశారు బాబాయ్? పెంటకుప్ప మీద పోశారా?"

"నాన్న ఒక వస్తువు పారేసే మనిషేంటే? నువ్వప్పుడు ఒకటే ఏడుపు, అచ్చనగాయలు ఆడుకోడానికి రాళ్ళు కావాలని. రాళ్ళు కొట్టే ఆయన చేత వాటినే గుండ్రంగా నూరించి నీ దోసిట్లో పోశాడు. నీకు గుర్తులేదా?"

గుర్తుంది. తెల్లటి రాళ్ళు, చల్లగా ఉండేవి. వీధిలో ఏ ఆడపిల్ల దగ్గరా అంత అందమైన అచ్చనగాయలు లేవని నాకు మహా గర్వం. అందులో ఒకటి నా వేళ్ళకి బాగా అమరేది. ఎంత నూరినా పోని ఒక మెత్తటి ఒంపు ఉండేది దానికి, బొటనవేలు అక్కడే ఆనేది. అది పెదవో, కనురెప్పో. దాన్ని పైకి ఎగరేసి, కింద పరిచిన మిగతా ముఖాన్ని ఒక్క ఊడ్పులో చేతిలోకి తీసుకుని, మళ్ళీ పట్టుకునేదాన్ని. పెద్దమనిషినయ్యాక ఆట మానేశాను. ఆ రాళ్ళు ఎక్కడ పోగొట్టానో నాకు తెలియదు.